ముందు పరిగె... తర్వాతే వాలుగ!

ఆదివారం. తెల్లవారుజామున నాలుగున్నర. అలారం మోగింది. మీరు లేచారు. శభాష్! చాలామంది ఇక్కడే ఓడిపోతారు. మీరు ఓడిపోలేదు.

రాడ్ ఉంది. రీల్ ఉంది. టోపీ ఉంది. ఫ్లాస్కులో టీ కూడా ఉంది. మరి ఎర?

"దార్లో చూసుకుందాంలే."

ఆగండి. మీ ఆదివారం పాడయ్యేది ఈ ఒక్క మాట దగ్గరే. గట్టుమీద ఆరు గంటలు కూర్చుంటారు. మధ్యాహ్నం ఎండకు మాడిన మొహంతో ఇంటికొచ్చి, "ఇవాళ ఏట్లో చేపే లేదోయ్" అంటారు. ఏట్లో చేప ఉంది. మీ దగ్గరే ఎర లేదు.

ఈ అలవాటు మార్చేద్దాం. మారుతుందా అని అడక్కండి. మారుతుంది. నాకే మారింది, మీకు మారదా?

ముప్పై పరిగెలు, ఒక బకెట్, ఒక పాఠం

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. ఆ పాయల మధ్య లంకలు. అలాంటి ఒక లంక ఊళ్లో నాకు తెలిసిన తాత ఒకాయన ఉన్నారు. పేరు రాయను, ఆయనకు నచ్చదు. వాలుగ పట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. "నాకూ నేర్పండి తాతా" అని ఒక శుక్రవారం ఫోన్ చేశాను. "ఆయ్, రండి" అన్నారు.

నేను ఎంత ప్రిపేర్డ్‌గా వస్తానో చూపిద్దామనుకున్నాను. శనివారం సాయంత్రం మా విజయవాడ శివార్లలో చెరువు గట్టున ఆడుకునే పిల్లల దగ్గర ముప్పై పరిగెలు కొన్నాను. బకెట్లో కుళాయి నీళ్లు పట్టి, పరిగెలు వేసి, మూత బిగించి, తెల్లారగట్ల కారు డిక్కీలో పెట్టాను. మూడున్నర గంటల ప్రయాణం. రావులపాలెంలో ఆగి టీ తాగాను. డిక్కీ తెరిచి చూద్దామన్న ఆలోచనే రాలేదు.

లంకలో మూత తీశాను. ముప్పైకి ముప్పై వెల్లకిలా తేలుతున్నాయి.

తాత బకెట్లోకి తొంగిచూశారు. ఒకదాన్ని వేలితో కదిపారు. "ఇయ్యి ఎరలు కాదండి అబ్బాయి గారూ. పులుసుకైతే పనికొస్తాయి" అన్నారు. నవ్వనైనా లేదు. నవ్వి ఉంటే బాగుండేది.

తర్వాత ఆయన ఏం చేశారో చూడండి. నా ఖరీదైన రాడ్ వైపు కన్నెత్తి చూడలేదు. తువ్వాలు భుజాన వేసుకుని రేవు పక్కకు నడిచి, గుర్రపుడెక్క అంచున గొంతుక్కూర్చున్నారు. పది నిమిషాలు. ఊరికే నీళ్లవైపు చూస్తూ. నాకు కాళ్లు నొప్పి, చిరాకు. "తాతా, వాలుగ ఎక్కడుంటుందో చెప్పండి, అటు వేద్దాం" అన్నాను.

"పరిగె ఎక్కడుందో మీకు తెలిస్తే వాలుగ సంగతి నేను చెప్పక్కర్లేదండి."

అంతే. ఆ రోజు నేర్చుకున్నది అంతే. కానీ నా చేపల వేట మొత్తం ఆ మాటతో మారిపోయింది.

ఎర పట్టడం అంటే పని తగ్గించుకోవడం!

"మనిషికి చేప ఇవ్వకు, పట్టడం నేర్పు" అని ప్రతి సెమినార్లోనూ చెబుతారు. నేనూ చెప్పాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఎర పట్టడం గురించి మాత్రం ఏ సెమినార్లోనూ ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే మనందరికీ పెద్ద చేప మీదే కన్ను.

ఒక్కసారి ఆలోచించండి. వాలుగ ఏం తింటుంది? చేపల్ని. కొర్రమీను? చేపల్ని, కప్పల్ని. మరి అవి ఎక్కడుంటాయి? తమ తిండి ఉన్నచోట. మీరు పరిగెల కోసం వెతికే ఆ అరగంటలో మీకు తెలియకుండానే మూడు విషయాలు తెలుస్తాయి. ఈ రోజు చిన్నచేప ఏ లోతులో ఉంది. నీడలో ఉందా, ఎండలో ఉందా. నీటి వాలు ఎటు, అది మందగించేది ఎక్కడ. ఈ మూడూ తెలిసినవాడికి పెద్ద చేప సంగతి సగం తెలిసినట్టే.

ఇంకోటి. అదే నీళ్లలో పట్టిన పరిగె అదే నీళ్లలో గంటలకొద్దీ హుషారుగా ఈదుతుంది. దూరం నుంచి తెచ్చింది తూలుతూ ఉంటుంది. మనం పరీక్ష హాల్లోకి నిద్రలేకుండా వెళ్లినట్టు.

అందుకే ఈ రోజు నుంచి మీ వేటలో మొదటి గంట పేరు "ఎర గంట". ఆ గంటలో పెద్ద రాడ్ కవర్లోంచి బయటికి రాకూడదు. ప్రామిస్?

పది నిమిషాల రూల్

గట్టుకు చేరగానే నీళ్లలో చెయ్యి పెట్టకండి. ఫోన్ జేబులో పెట్టండి. పది నిమిషాలు చూడండి. కష్టంగా ఉంటుంది, తెలుసు. మొదటి మూడు నిమిషాల్లో వాట్సాప్ గుర్తొస్తుంది. నాలుగో నిమిషం నుంచి ఏరు కనిపించడం మొదలవుతుంది.

ఏం చూడాలి?

వాన లేకుండానే నీటి మీద చినుకులు పడుతున్నట్టు చిన్న చిన్న వలయాలు. అవి పరిగెలు.

లకుముకి పిట్ట ఏ కొమ్మ మీద కూర్చుందో. అది కాలక్షేపానికి కూర్చోదు. దాని కిందున్న నీళ్లలో దానికి టిఫిన్ ఉంది. ఫీజు తీసుకోని కోచ్ అది. వాడుకోండి.

కొంగలు వరసగా నిలబడ్డ అంచు. అక్కడ లోతు తక్కువ, చిన్నచేప ఎక్కువ.

ఆ వలయాలు ఉన్నట్టుండి చెదిరిపోయి, గుప్పెడు పరిగెలు గవ్వలు విసిరినట్టు గాల్లోకి ఎగిరితే? కింద పెద్దాయన వచ్చాడన్నమాట! గుండె ఝల్లుమంటుంది. రాడ్ మీదికి చెయ్యి పోతుంది. పోనివ్వకండి. ఆ చోటు గుర్తుపెట్టుకోండి, గంట తర్వాత మీరు వెళ్లేది అక్కడికే.

ఇప్పుడు పట్టండి

పద్ధతులు చాలా ఉన్నాయి. నేను నాలుగే చెబుతాను. అందులో మీకు మొదట ఒకటే కావాలి.

తువ్వాలు. కాలవ గట్టున పెరిగిన ప్రతి తెలుగువాడికీ చిన్నప్పుడే వచ్చిన విద్య. ఇద్దరు చెరో రెండు కొసలూ పట్టుకుని, మోకాలి లోతులో, తువ్వాలును నీటి అడుగు నుంచి పైకి లేపడం. మీకూ వచ్చు. ముప్పై ఏళ్లుగా చేయలేదంతే. ఎండాకాలం కాలవలు కట్టేశాక మడుగుల్లో చిన్నచేప కుప్పపడి ఉంటుంది, అప్పుడు దీన్ని మించింది లేదు. ఒంటరిగా వెళ్లినవాళ్లకు మాత్రం పనికిరాదు.

బాటిల్. నా ఫేవరెట్ ఇదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కళ్లు మూసుకుని ఇదే ఎంచుకోండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. ఇలా చేయండి:

మొదటి అడుగు: మూత తీసి పారేయండి. సీసా భుజం కిందుగా అడ్డంగా కోయండి. పైముక్క గరాటులా వస్తుంది.

రెండో అడుగు: ఆ గరాటును తిరగేసి, మూతి లోపలికి వెళ్లేలా సీసాలోకి దోపండి. అంచుల వెంట నాలుగు చోట్ల కాల్చిన మేకుతో కంతలు పెట్టి దారంతో కుట్టేయండి. పరిగె లోపలికి సులభంగా వెళ్తుంది. బయటికి వచ్చే దారి దానికి అంత సులభంగా దొరకదు.

మూడో అడుగు: అదే మేకుతో ఒళ్లంతా పాతిక, ముప్పై కంతలు పెట్టండి. ఇది బద్ధకించి వదిలేస్తారు చాలామంది. కంతలు లేకపోతే లోపలి గాలి బయటికి పోదు, సీసా మునగదు. లోపలి వాసన బయటికి రాదు, చేప రాదు.

నాలుగో అడుగు: లోపల ఒక గులకరాయి, బరువుకి. దానితోపాటు నిమ్మకాయంత తవుడు ముద్ద. తవుడులో కాస్త తెలగపిండి కలిపితే ఇంకా మంచిది. అన్నం మెతుకులైనా పర్వాలేదు. ఎక్కువ పెట్టకండి. కడుపు నిండిన పరిగె మిగతావాళ్లను పిలవదు.

ఐదో అడుగు: తాడు కట్టి, మోకాలి లోతులో, గడ్డి అంచున దించండి. సీసా మూతి ప్రవాహం వెళ్లే దిక్కుకు ఉండాలి. ఎందుకు? తవుడు వాసన నీటితోపాటు కిందికి పోతుంది. ఆ వాసన పట్టుకుని పరిగె కింది నుంచి ఎదురీదుతూ వస్తుంది. వచ్చినదానికి ఎదురుగా గుమ్మం కనిపించాలి కదా! నేను మొదటి నెలంతా వెనక్కి పెట్టాను. వచ్చినవి సీసా అడుగుకు ముక్కు ఆనించి ఆగిపోయాయి.

పావుగంట తర్వాత తీయండి. ఖాళీగా ఉందా? నిరుత్సాహం వద్దు. రెండు గజాలు పక్కకు జరపండి. అక్కడా లేదా? ఇంకో రెండు గజాలు. మీరు ఓడిపోవట్లేదు, ఏటిని చదువుతున్నారు. ఖాళీ సీసా కూడా ఒక సమాచారమే.

చిన్న గాలం. 16వ నంబరు గాలం, సన్నటి దారం, జీలుగు బెండు ముక్క, గోధుమపిండి చిటికెడు. గాలాల నంబర్లలో ఒక తమాషా ఉంది. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 16 గోరుమీద కూర్చుంటుంది, 6 దానికన్నా పెద్దది. 1 దాటాక 1/0, 2/0 అంటూ లెక్క తిరగబడి మళ్లీ పెరుగుతుంది. కొత్తలో షాపువాడు "పదహారా?" అని రెండోసారి అడిగితే కంగారుపడకండి, మీరు అడిగింది కరెక్టే. ఇందులో ఒక్కొక్కటే వస్తుంది కానీ ఒక్కొక్కదాన్నీ చూసి పట్టుకుంటారు. ఓపికకు ఇంతకన్నా మంచి ట్రైనింగ్ నేను చూడలేదు. పిల్లలతో వెళ్తే ఇదే చేయించండి.

విసురువల. ఇది రాజమార్గం. ఒక్క విసురుకి బకెట్ నిండుతుంది. కానీ గొడుగులా విచ్చుకుని పడాల్సిన వల మొదట్లో అరటిపండు ఆకారంలో పడుతుంది. ముద్దలా కూడా పడుతుంది. అందరికీ అంతే. నేను మా మేడమీద రోజుకి ఇరవై విసుర్లు విసిరాను, నీళ్లు లేకుండా, మూడు వారాలు. ఎదురింటి ఆంటీ మా ఆవిణ్ణి పిలిచి "అన్నయ్యగారు బాగానే ఉన్నారా?" అని అడిగారట. నాలుగో వారం వల గుండ్రంగా పడింది. ఆంటీయే చప్పట్లు కొట్టారు!

ఒక జాగ్రత్త. వల అంచుకు ఉండే గుళ్లు సీసపువైతే అంచును పళ్లతో పట్టుకోకండి. పాతకాలం వాళ్లు పట్టుకుంటారు, చూడ్డానికి స్టైల్‌గానే ఉంటుంది. సీసం విషం. మీకు భుజం ఉంది, మోచెయ్యి ఉంది, వాటిమీద వేసుకోండి.

పట్టడం సగమే, బతికించడం మిగతా సగం

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. నా ముప్పై పరిగెల్ని చంపింది ఈ పాఠం తెలియకపోవడమే.

నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నర. నీరు వేడెక్కితే చేపకు ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది! ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లులాగా. దాని మీద మూత బిగించి, ముప్పైమందిని కుక్కి, ఎండలో కారు డిక్కీలో పెట్టామనుకోండి. ఇంకేం మిగులుతుంది?

రెండోది క్లోరిన్. కుళాయి నీళ్లు మనకు మంచివే, చేప మొప్పలకు కావు. నేను ఆ రోజు ఈ రెండు తప్పులూ కలిపి చేశాను.

కాబట్టి:

నీళ్లు ఏటివే వాడండి. పరిగె ఏ నీళ్లలోంచి వచ్చిందో ఆ నీళ్లే.

ఇంట్లో ఖాళీ అయిన 20 లీటర్ల పెయింట్ బకెట్ భేషుగ్గా పనికొస్తుంది. వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, రెండు రోజులు ఎండబెట్టండి. మూతకు కంతలు పెట్టండి.

పది లీటర్ల నీటికి పది, పన్నెండు పరిగెలు. ఇది నా లెక్క. "ఇంకో అయిదు పడతాయిలే" అనిపిస్తుంది. ఆ అయిదే మిగతా పన్నెండింటినీ చంపుతాయి. ఆశకు హద్దు పెట్టుకోవడం ఇక్కడ ప్రాక్టీస్ చేయండి. ఆఫీసులో కూడా పనికొస్తుంది.

బ్యాటరీతో నడిచే ఆక్వేరియం పంపు ఒకటి కొనుక్కోండి. కొనలేదా? ప్రతి ఇరవై నిమిషాలకు చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి మళ్లీ బకెట్లోనే పోయండి, మన టీ కొట్టు మాస్టారు టీ తిరగబోసినట్టు. గంటకోసారి మూడోవంతు నీళ్లు మార్చండి.

ఎండలో ఉంటే, గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి మూత తీయకుండా బకెట్లో తేలనివ్వండి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. నీళ్లు ఒక్కసారిగా చల్లబడితే అదీ దెబ్బే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. పరిగెను పొడిచేత్తో ముట్టుకోకండి. దాని ఒంటిమీద ఉండే జిగురే దానికి రక్షణ. పొడిచేతికి ఆ జిగురు అంటుకుని వచ్చేస్తుంది. ముందు చెయ్యి తడుపుకోండి, తర్వాత పట్టుకోండి. తాత ప్రతిసారీ చేసేవారు. ఎడమచెయ్యి నీళ్లలో ముంచి, అరచెయ్యి దోసిలిలా వంచి, పరిగెను దాంట్లోకి నడిపించేవారు. పట్టుకునేవారు కాదు, అదే వచ్చి కూర్చునేది. నాకు ఇప్పటికీ అంత చక్కగా రాదు. వస్తుంది. ఇంకో ఏడాది.

గాలానికి తగిలించడం

ఇది చిన్న విషయం. పారే నీళ్లలో అయితే రెండు పెదాలకూ కలిపి. నిలవనీళ్లలో అయితే వీపుమీద, రెక్క వెనక, కండ పైపైన. వెన్నెముకకు తగిలితే పరిగె అయిపోయినట్టే. కొర్రమీనుకు రెండు, మూడు అంగుళాల పరిగె చాలు. వాలుగకు జానెడు చేప అయినా ఎక్కువ కాదు, దాని నోరు మీరు చూడాలి! ఆ నోటినిండా సన్నటి పదునైన పళ్లు కాబట్టి, గాలానికి పైన జానెడు ఉక్కు తీగ కట్టుకోండి. నేను కట్టుకోలేదు. ఆ మొదటి రోజు పదకొండింటికి నా రాడ్ విల్లులా వంగింది, రీల్ అరిచింది, ఒక్క క్షణంలో దారం తేలికైపోయింది. తాత తెగిన కొసను పట్టుకుని చూసి, "పళ్లు" అన్నారు. మరో మాట లేదు.

ఇవి మాత్రం చేయొద్దు

ఇంతవరకు స్నేహితుడిలా చెప్పాను. ఇప్పుడు కాస్త గట్టిగా చెబుతాను. ఏమనుకోవద్దు.

మందు కలపడం, బాంబు వేయడం. 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ చట్టం నుంచీ ఇవి నేరం. ఎవరైనా "చిటికెలో పని" అంటూ సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

దోమతెర లాగడం. అందులో పరిగె ఒక్కటే రాదు. కంటికి కనిపించని పిల్ల మొత్తం వస్తుంది. వచ్చే ఏటి చేపని ఈ ఏడే ఎత్తిపోసినట్టు.

చేతికొచ్చిన ప్రతి పిల్లనూ ఎరగా వాడటం. బొచ్చె, శీలావతి పిల్లల్ని ప్రభుత్వమే తెచ్చి చెరువుల్లో, రిజర్వాయర్లలో వదులుతుంది. అవి మత్స్యకారుల పంట. వాటిని వదిలేయండి. గుర్తుపట్టడం నేర్చుకోండి. మనకు దొరికే చాలా రకాల పరిగెలకు తోక మొదట్లో నల్లచుక్క ఉంటుంది. బొచ్చె పిల్లకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. వారం రోజులు శ్రద్ధగా చూస్తే మీ కంటికే తెలిసిపోతుంది. ఒక్కోసారి నీటిమీద ఎర్రటి నారింజ రంగు బంతిలా కదులుతూ ఒక గుంపు కనిపిస్తుంది. అవి కొర్రమీను పిల్లలు. కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద వల వేయకండి, ఆ పెద్దవాటికి గాలమూ వేయకండి. పిల్లల్ని కాచుకునేవాళ్ల జోలికి పోవడం వేట కాదు.

ఒక నీటిలో పట్టినదాన్ని ఇంకో నీటిలో వదలడం. నేను విజయవాడ పరిగెల్ని గోదావరికి తీసుకెళ్లాను చూడండి, అవి బతికి ఉంటే అదింకా పెద్ద తప్పు అయ్యేది. ఆక్వేరియంల కోసం తెచ్చిన సక్కర్ చేప ఇప్పుడు మన కాలవల్లో, చెరువుల్లో ఎలా తిష్ఠ వేసిందో ఏ ఆక్వా రైతునైనా అడగండి. దెయ్యం చేప అని ఊరికే పేరు పెట్టలేదు.

అడక్కుండా దిగడం. చాలా చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది. మనకది ఆదివారం, వాళ్లకది బతుకు. "అన్నా, గాలం వేసుకోవచ్చా?" అని అడగండి. కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసుకు డబ్బు కడతాం కానీ గట్టుమీద ఒక మాట అడగడానికి నామోషీ పడతాం. అడిగిచూడండి, పర్మిషన్‌తోపాటు పరిగెలు ఎక్కడున్నాయో కూడా చెబుతారు. ఇక అభయారణ్యాల్లో అడగడం కూడా వద్దు, అక్కడ వేట నిషేధం. మంజీర అభయారణ్యంలో అయితే చట్టంతోపాటు మొసళ్లు కూడా ఉన్నాయి.

వరదలో హీరోయిజం. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక. ధవళేశ్వరంలో 11.75 అడుగులు. ఆ నంబర్లు వార్తల్లో వినిపించిన రోజున బకెట్ అటకమీదే ఉండాలి. ఎర్రనీటిలో పరిగెలన్నీ వాలు తక్కువున్న అంచులకు చేరతాయని, అప్పుడు తేలిగ్గా దొరుకుతాయని మీకు ఎవరో చెబుతారు. నిజమే. అయినా వద్దు. జారే గట్టు, పెరిగే నీరు. ఆదివారాలు ఇంకా చాలా ఉన్నాయి.

ఇంకో మాట. సీసాలోనో వలలోనో నల్లగా, మీసాలతో ఉన్నది వస్తే చేత్తో తీయకండి. జెల్ల ముల్లు గుచ్చుకుంటుంది. ఇంగిలాయి ముల్లులో విషమే ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ నొప్పి నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పను.

నాలుగు ఆదివారాల ప్లాన్

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు మారుతుందని ఎక్కడో చదివే ఉంటారు. మనకు రోజులు వద్దు. నాలుగే నాలుగు ఆదివారాలు ఇవ్వండి.

మొదటి ఆదివారం: రాడ్ ఇంట్లోనే. సీసా, బకెట్, తవుడు, అంతే. పది పరిగెలు పట్టండి, రెండు గంటలు బతికించండి, వదిలేయండి. ఇంటికి రండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

రెండో ఆదివారం: మళ్లీ అదే చోటు. ఈసారి ఒక నోట్‌బుక్. ఎన్నింటికి, ఎంత లోతులో, నీళ్లు తేటగా ఉన్నాయా బురదగా ఉన్నాయా, ఎన్ని దొరికాయి. నాలుగు లైన్లు చాలు. ఫోన్‌లో కాదు, కాగితం మీద. తడిచేతులకు ఫోన్ పలకదు.

మూడో ఆదివారం: ఎర గంట, తర్వాత రాడ్. ఒక్క గాలమే. పది నిమిషాల రూల్‌లో గుర్తుపెట్టుకున్న చోటే.

నాలుగో ఆదివారం: ఇంకొకరికి నేర్పండి. మీ అబ్బాయికో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కో, "దార్లో చూసుకుందాంలే" అనే మీ ఫ్రెండ్‌కో. నేర్పుతుంటే మీరు ఏ అడుగు దాటేస్తున్నారో మీకే తెలుస్తుంది. నాకు కంతల సంగతి అలాగే గుర్తొచ్చింది. మా బావమరిదికి చేసిచ్చిన సీసా మునగలేదు మరి!

ఒకవేళ మధ్యలో ఒక ఆదివారం తప్పిపోయిందా? పెళ్లి, వాన, జ్వరం, ఏదైనా కానివ్వండి. మళ్లీ మొదటి నుంచి వద్దు. ఎక్కడ ఆగారో అక్కడి నుంచే.

మిగిలిన పరిగెలు

ఆ మొదటి రోజు నాకు వాలుగ దక్కలేదని చెప్పాను కదా. సాయంత్రం అయిదయింది. నేను సామాను సర్దుతున్నాను. తాత తువ్వాలుతో పట్టిన పరిగెల్లో ఆరు ఇంకా బకెట్లో ఉన్నాయి. హుషారుగానే ఉన్నాయి. నేను బకెట్ తీసుకుని ఎదురుగా ఉన్న నీళ్లలో కుమ్మరించబోయాను.

"అక్కడ కాదండి. పొద్దున ఎక్కడ పట్టామో అక్కడ."

రేవు దాటి, గుర్రపుడెక్క అంచు దాకా నడిచాం. ఆయన బకెట్ అంచును నీటి మట్టానికి వంచి అలాగే పట్టుకున్నారు. కుమ్మరించలేదు. ఏటి నీరు మెల్లగా లోపలికి వచ్చింది. అయిదు పరిగెలు ఒకదాని వెనక ఒకటి ఆకుల కిందికి జారుకున్నాయి. ఆరోది బకెట్ మూతి దగ్గరే, ప్రవాహానికి ఎదురుగా తోక ఆడిస్తూ ఆగింది.

నేను చెయ్యి పెట్టబోయాను. నా చెయ్యి పొడిగా ఉంది. తాత నావైపు చూశారు.

చెయ్యి తడుపుకున్నాను.